పాత బండికి క్రొత్త రంగు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



వార్షికోత్సవ సభలలో విద్యాప్రాశస్త్యమును గూర్చియో, మాతృభాషాభిమానమును గూర్చియో ఉపన్యసించుట పరిపాటి. ఆ విషయములందు నాకంటె అధికులు ఈ వేదికపైననే పలువురు కలరు. నేను చిక్కపేటలో జౌళి వర్తకుడను. పట్టుచీరె మడతవిప్పి అంచు చూపుట నాకు తెలియును గాని, ఉపన్యాసము చేయుట తెలియదు. కార్యదర్శిగారు మాత్రము, "మీరు బాగుచేయించిన బండిని గూర్చియే చెప్పుడు, చాలును" అనిరి. పాఠశాల ఆవరణములో కానుగచెట్టు క్రింద నిలిచియున్న ఆకుపచ్చని బండిని మీరందరును చూచియే లోనికి వచ్చితిరి. పిల్లలు ప్రొద్దుటినుండి దాని తొట్టిలోని కెక్కుచును దిగుచును ఉన్నారు. దాని కథయే నేటి నా ప్రసంగము.

ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండుటకు ఒక చిన్న గది, వెనుక మూతలేని తొట్టి. ఇట్టి తేలికపాటి సరకుబండిని పికప్ అందురు. ఇది అమెరికా రైతుల అవసరమునుండి పుట్టినది. వారు తమ కారు వెనుకభాగమును తామే కోసివైచి, చెక్కపెట్టె బిగించి, ధాన్యమును కూరగాయలను సంతకు తోలుకొనిపోయెడివారు. ఇది గమనించి ఫోర్డు సంస్థవారు 1925లో తమ టి మోడలు బండికి కర్మాగారమందే ఉక్కుతొట్టిని అమర్చి 281 డాలర్లకు విక్రయింప నారంభించిరి. రైతుబిడ్డగా పుట్టిన ఈ బండి కాలక్రమమున లోకమంతటను చిల్లర వర్తకునకు కుడిభుజమైనది.

మన చిక్కపేట సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కన్నడమున చిక్కపేట యనగా చిన్నపేట. 1537లో కెంపేగౌడ ప్రభువు స్థాపించిన కోటపేటలలో దొడ్డపేట, చిక్కపేట, నగరతపేట, బళేపేట, తరగుపేట, అక్కిపేట ఒకదాని నొకటి ఒరసికొనుచు పెరిగినవి. దొడ్డపేట నేడు అవెన్యూ రోడ్డు అయినది. ఈ వీధులు ఎద్దుబండ్లకు, తలమోపులకు తగినట్లు ఏర్పడిన వీధులు. పెద్దలారీ ఇందులో దూరలేదు, దూరినను తిరుగలేదు. కనుకనే ఇక్కడి వ్యాపారము జట్కాలమీద, తోపుడుబండ్లమీద, చిన్న వ్యానులమీద సాగినది. 1958లో బజాజ్ టెంపో సంస్థ ఏర్పడి మూడుచక్రముల బండ్లను తయారుచేసిన పిమ్మట, ఆ సంస్థ పేరే అట్టి బండ్లన్నిటికిని పేరైపోయినది. నేటికిని మన గుమాస్తాలు ఏ చిన్న సరకుబండి వచ్చినను "టెంపో వచ్చినది" అనియే చెప్పుదురు. 2017లో పేటక్రిందుగా మెట్రోరైలు వచ్చినది గాని, చీరెల మూట మాత్రము ఇప్పటికిని నేలమీది బండిలోనే వచ్చుచున్నది.

మా తాతగారు ధర్మవరమునుండి పట్టుచీరెలు తెచ్చి ఇక్కడ అమ్మెడివారు. మొదట రైలులో తెచ్చుచుండిరి. 1952లో ఒక ఫార్గో బండిని కొనిరి. చాసిస్సు, ఇంజను, ముందుగది మాత్రమే కర్మాగారమునుండి వచ్చినవి. వెనుక తొట్టిని ఇక్కడి వడ్రంగులు టేకుపలకలతో కూర్చి, ఇనుప పట్టీలు బిగించిరి. ఆ బండి దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, బాగేపల్లి, పెనుగొండల మీదుగా ధర్మవరమునకు పోయి వచ్చుచుండెను. బాగేపల్లి దాటువరకు కర్ణాటకమే అయినను, అక్కడి హోటలులో కూర్చుండినవారి మాట తెలుగే. ఈ మార్గము మన భాషకు ఎల్ల ఎక్కడో చెప్పుట ఎంత కష్టమో తెలుపును.

ఆ మార్గమందే చిక్కబళ్లాపురము దాపున ముద్దేనహళ్లి యను గ్రామము కలదు. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిన గ్రామమది. వారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వలసవచ్చినవారు. విశ్వేశ్వరయ్యగారనగా మనకు కృష్ణరాజసాగరము, హైదరాబాదు వరద నివారణము జ్ఞప్తికి వచ్చును. కాని భారతదేశమున మోటారుబండ్లు తయారుకావలెనని 1930ల నడుమనే పథకమును సిద్ధపరచి, అందుకై విదేశములు తిరిగివచ్చినవారును వారే. ఆ పథకమును చేపట్టిన వాల్‌చంద్ హీరాచంద్ గారు బెంగుళూరులో కర్మాగారము స్థాపింపగోరిరి. నాటి బ్రిటిషు ప్రభుత్వ మందుకు తోడ్పడలేదు. వాల్‌చంద్ గారు 1940లో మైసూరు ప్రభుత్వ సహకారముతో ఇక్కడ విమాన కర్మాగారమును నెలకొల్పిరి. మోటారు కర్మాగారము మాత్రము 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్సు పేర బొంబాయిలో ఏర్పడి, అమెరికాలోని క్రైస్లర్ సంస్థవారి డాడ్జి, డిసోటో, ఫార్గో బండ్లను కుర్లాలో కూర్ప నారంభించినది. 1947లో అక్కడినుండి తొలి ట్రక్కు వెలువడినది. బెంగుళూరులో పుట్టవలసిన బండి బొంబాయిలో పుట్టి, బెంగుళూరు చేరినదన్నమాట. మా తాతగారి ఫార్గో అట్టి బండియే.

1953, 54 సంవత్సరములలో ప్రభుత్వ విధానము మారినది. విడిభాగములను విదేశమునుండి తెచ్చి ఇక్కడ కూర్చుటతో తృప్తిపడు సంస్థలు నిలువజాలక పోయినవి. జనరల్ మోటార్సు, ఫోర్డు సంస్థలు అప్పుడే మన దేశమున తమ పనిని ముగించుకొనినవి. అటుపిమ్మట పాత అమెరికా బండ్లకు విడిభాగములు దొరకుట దుర్లభమైనది. దొరకనప్పుడు తయారుచేసికొనక తప్పదు. మన పేటకు కూతవేటు దూరములోనున్న జె.సి. రోడ్డు, కలాసిపాళ్యము అట్టి పనివారితో నిండినవి. లేతు పట్టినవాడు, రేకు సాగగొట్టు టింకరు, స్ప్రింగుపట్టా వంచు కమ్మరి, రేడియేటరు అతుకువాడు, సీటు కుట్టువాడు అందరును ఆ వీధులలో తయారైరి. వారి మాటలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ కలగలసి ఉండును. ఒక వాక్యములో నాలుగు భాషలుండినను, కొలతమాత్రము అణువంతయు తప్పదు.

మా బండి 1978వరకు పనిచేసినది. పెట్రోలు ధర పెరిగిన తరువాత దాని నడక తగ్గినది. పిమ్మట దానిని ఒక పాకలో నిలిపితిమి. 1986లో మా ఇంట వివాహము జరుగుచుండగా, "బండిని అలంకరించి ఊరేగింపునకు తీసికొందము" అని ఒకరనిరి. నేనప్పుడు పాతికేండ్ల యువకుడను. ఒక షెడ్డునకు తీసికొనిపోయి, పదిదినములలో మెరయవలెనని చెప్పితిని. వారు తుప్పుపట్టిన చోట్ల పుట్టీ నింపి, దానిపై లేతపసుపు రంగు కొట్టి ఇచ్చిరి. పెండ్లినాడు బండి అద్దమువలె మెరసినది. ఆ సంవత్సరపు వానలు వెలియకముందే తలుపుల అడుగున బొబ్బలు లేచినవి. గోటితో గీచిన పెచ్చులూడినవి. లోపల తుప్పు ముందుకంటె అధికముగా వ్యాపించి యుండెను. తప్పు షెడ్డువారిది మాత్రమే యనను. పదిదినములలో కావలెనన్నవాడను నేనే.

అయ్యలారా, రంగు కొట్టుట వేరు, బాగుచేయుట వేరు. ఈ భేదము తెలియుటకు నాకు ముప్పదియేండ్లు పట్టినది.

2019లో మా తమ్ముడు, "ఎంతకాలము ఈ ఇనుమును కాచుకొని కూర్చుందుము? గుజిరీకి తూకమునకు వేయుదము" అనెను. వాని మాటలో న్యాయము లేకపోలేదు. పాక స్థలము విలువగలది. బండికి విలువ లేదు. వెల కట్టువాడు వచ్చి చూచి, బండికి గాక దాని బరువునకు ధర చెప్పెను. ఆనాటి రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు జె.సి. రోడ్డులో నాకు పరిచయస్థుడైన ఒక ముసలి మేస్త్రీవద్దకు పోతిని. ఆయన వచ్చి బండిచుట్టు తిరిగి, జేబులోనుండి ఒక చిన్న అయస్కాంతమును తీసి తలుపుపై అంటించెను. పైభాగమున అది గట్టిగా అంటుకొనినది. దిగువకు జరుపగా జారిపడినది. "ఇక్కడ రేకు లేదు సామీ, పుట్టీయే తలుపుగా ఉన్నది" అనెను. తరువాత, "చేయుదము. కాని రంగు మాట ఇప్పుడు ఎత్తవద్దు. రంగు కట్టకడపటి పని" అని షరతు పెట్టెను.

ఆ పని నాలుగేండ్లు సాగినది. నడుమ మహమ్మారి వచ్చి ఒక సంవత్సరము నిలిచిపోయినది. ఆ పనిక్రమమును సంక్షేపముగా చెప్పెదను. ఏలననగా మన పిల్లలు తెలిసికొనదగిన శాస్త్రము ఇందు కలదు.

మొదటి పని విప్పుట కాదు, వ్రాసికొనుట. ఏ మర ఎక్కడిది, ఏ తీగ దేనినుండి దేనికి పోవుచున్నది, అన్నియు ఫోటోలు తీసి, ప్రతి మరను డబ్బాలలో వేసి, చీటీలు అంటించితిమి. "ఎడమ తలుపు, పై కీలు", "కుడి మడ్‌గార్డు, లోపలి బోల్టులు" అని తెలుగులో వ్రాసినవారు మన పాఠశాల పిల్లలే. ఈ పనియందే ఒక విశేషము జరిగినది. సీటు క్రింద ఒక రేకుపెట్టెలో మా పాత డ్రైవరు వ్రాసికొనిన నోటుపుస్తకము దొరకినది. ఏనాడు నూనె మార్చినది, ఏ ఊర టైరు పంక్చరైనది, వెనుక బ్రేకు సిలిండరు పోగా ఏ బండి సిలిండరును తెచ్చి బిగించినది, అన్నియు పెన్సిలుతో తెలుగులో వ్రాసియుండెను. మా కుమారునకు ఆ పుస్తకము నిచ్చి చదువుమంటిని. వాడు ఇంజనీరు. బ్రేకును గూర్చి నాకంటె నూరురెట్లు తెలిసినవాడు. కాని ఆ పుటను తిరుగవేసి చూచి, "నాన్నగారూ, మీరే చదివి చెప్పండి" అనెను. వానిని తెలుగు చదివింపనివాడను నేను. మేస్త్రీకి కావలసిన సంగతి పుస్తకములో ఉన్నది. పుస్తకమునకు కావలసిన కన్నులు మా ఇంట నాకు తప్ప మరెవ్వరికిని లేవు. నా తరువాత ఎవరు చదువుదురను ప్రశ్న అప్పుడే నా మనస్సున నాటుకొనినది.

ఇంజను సంగతి వేగముగా దాటెదను. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను అది. నలుబదియేండ్లు కదలక పిస్టనులు బిగిసిపోయినవి. కిరోసినును నూనెను కలిపి పోసి, వారములకొలది నానబెట్టి, చేతితో కొద్దికొద్దిగా త్రిప్పి విడిపించితిమి. లేతుపై సిలిండర్లను సరిచేసి, వాల్వులను ఒరపిడిచేసి కూర్చితిమి. ఆ బండి విద్యుత్తు ఆరు వోల్టులది. పైగా బ్యాటరీ ధనధ్రువమును చాసిస్సుకు కలుపుదురు. నేటి బండ్లలో పండ్రెండు వోల్టులు, ఋణధ్రువము చాసిస్సుకు. ఈ సంగతి ఎరుగక నేటి పద్ధతిని తీగలు కలిపినచో, పరికరములు చెడును. పాతదానిని బాగుచేయుటకు దాని ధర్మమును ముందుగా తెలిసికొనవలెను.

ఇక రేకు పని. చాసిస్సు మందమైన ఉక్కు గనుక ఇసుకను గాలితో చిమ్మి తుప్పు రాల్చవచ్చును. తలుపులు, బానెట్టు పలుచని రేకులు. వానిపై ఇసుక చిమ్మిన వేడికిని దెబ్బకును వంకరలు పోవును. కావున వానిని రసాయనముతోను, తీగబ్రష్షుతోను మెల్లగా శుభ్రపరచవలెను. తుప్పుతిన్న భాగమును మెరయు లోహము కనబడువరకు కోసి, అంతే మందముగల రేకును అతుకవలెను. అతుకును ఒక కొననుండి మరియొక కొనకు ఏకధాటిగా పోయరాదు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క వేసి, చల్లారనిచ్చి మరల వేయవలెను. లేనిచో రేకు వేడికి ఉబ్బి అలలు తేలును. లోపల ఇనుపదిమ్మ ఆనించి, పైన సుత్తితో తట్టుచు టింకరు దానిని చదునుచేయును. కన్ను చూడలేని ఎత్తుపల్లములను అతని అరచేయి చూచును. ఆ మేస్త్రీ కన్నులు మూసికొని తలుపుపై చేయి రాచి, "ఇక్కడ నూలుపోగంత పల్లము" అని చెప్పగా నేను ఆశ్చర్యపోతిని.

శుభ్రమైన ఇనుము గాలి సోకినంతనే మరల తుప్పు పట్ట నారంభించును. కనుక ఫాస్ఫారిక్ ఆమ్లముతో కడిగి ఆరబెట్టి, ఆ దినముననే ప్రైమరు వేయవలెను. బెంగుళూరు వానకాలమున గాలిలో తేమ అధికము. కంప్రెసరు గొట్టములో నీటిచుక్క చేరినచో అది రంగుక్రింద చిక్కుకొని, కొన్నాళ్లకు బొబ్బయై లేచును. మా మేస్త్రీ మబ్బు పట్టిన దినమున స్ప్రేగన్ను ముట్టెడివాడు కాడు. ప్రైమరుపై పుట్టీని పలుచగా, గీతలు కప్పునంత మాత్రమే వేయవలెను. పిమ్మట నల్లని రంగును పొగవలె చిమ్మి, చెక్కదిమ్మకు వాటర్ పేపరు చుట్టి, నీరు పోయుచు రుద్దుదురు. ఎక్కడ నలుపు మిగిలిన అక్కడ పల్లమున్నదని గుర్తు. ఆ నలుపు పోవువరకు రుద్దుట, మరల ప్రైమరు, మరల రుద్దుట. మీరు బయట చూచిన రంగు రెండుదినముల పని. దాని క్రిందిది రెండు సంవత్సరముల పని.

రంగుల చరిత్రయును చిత్రమైనది. పూర్వము మోటారుబండికి రంగు వేయుటకు వారములు పట్టెడిది. ఫోర్డు టి మోడలు బండి 1914 మొదలు 1925వరకు నలుపురంగుననే వెలువడుటకు, నలుపువార్నిషు శీఘ్రముగాను చౌకగాను పనికివచ్చుట ఒక కారణముగా చెప్పుదురు. 1923లో డ్యూపాంట్ సంస్థవారి డ్యూకో రంగు కార్లపైకి వచ్చినది. నైట్రోసెల్యులోజుతో చేసిన ఆ రంగు గన్నుతో చిమ్మిన కొద్దిసేపటిలో ఆరును. అప్పటినుండియే సామాన్యుని బండికిని రంగులు లభించినవి. మన దేశమున నేటికిని స్ప్రేగన్నుతో రంగు వేయుటకు "డ్యూకో కొట్టుట" అనియే పేరు.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పాత రంగులలో సీసము ఉండును. ముఖ్యముగా పాతకాలపు చిక్కని పసుపురంగు తరచుగా సీసపు క్రోమేటుతో చేసినది. దానిని పొడిగా రుద్దినచో ధూళి ఊపిరితోను, చేతులద్వారా అన్నముతోను లోనికి పోవును. ఎదుగుచున్న పిల్లల మెదడునకు సీసము హాని చేయును. కావుననే మేము ఎల్లప్పుడును నీటితో తడిపియే రుద్దితిమి; ఆ సమయమున పిల్లలను దరికి రానీయలేదు. ఇప్పటి రెండుపాళ్ల పాలీయూరిథేను రంగులలో కలుపు గట్టిపరచు ద్రవమునందు ఐసోసైనేటులు ఉండును. వాని ఆవిరి ఉబ్బసమును కలిగింపగలదు. గుడ్డముసుగు దానిని ఆపలేదు. పనివానికి స్వచ్ఛమైన గాలి అందించు ముసుగు ఉండితీరవలెను. మేము ఆ రంగును విడిచి, పాతకాలపు ఎనామెలునే ఎన్నుకొంటిమి. సరకుబండికి అంత మెరుపు అక్కరలేదు గదా!

ఏ రంగు వేయవలెనన్నది తరువాతి ప్రశ్న. మా తమ్ముడు ఎరుపు కావలెననెను. మేస్త్రీ, "బండినే అడుగుదము" అనెను. ఒకచోట వాటర్ పేపరుతో వృత్తాకారముగా మెల్లగా రుద్దగా, చెట్టు మొద్దులోని వలయములవలె పొరలు బయటపడినవి. పైన 1986 నాటి లేతపసుపు, దానిక్రింద నీలము, అది మా తండ్రిగారి కాలపుది, దానిక్రింద ముదురాకుపచ్చ, అట్టడుగున ఎర్రని ప్రైమరు. సీటు వెనుకను, తలుపుకీలు క్రిందను ఆ ఆకుపచ్చయే చెక్కుచెదరక యుండెను. తాతగారి బండిరంగు అదియే.

కుడితలుపుపై నీలపు పొరను తీయుచుండగా మేస్త్రీ ఒక్కసారిగా చేయి ఆపెను. ఆకుపచ్చపై పసుపుపచ్చని గీత ఒకటి కనబడినది. అక్కడినుండి సబ్బునీటితో, మిక్కిలి నున్నని కాగితముతో, గంటకు బెత్తెడు చొప్పున రుద్దితిమి. రెండు దినములకు అక్షరములు తేలినవి. పైవరుస "జౌళి వ్యాపారము". క్రిందివరుస మా పేట పేరు. ఎడమతలుపుపై అవే మాటలు కన్నడములో ఉండెను. తాతగారు ఒక తలుపున తెలుగు, ఒక తలుపున కన్నడము వ్రాయించిరి. బ్రదుకునిచ్చిన ఊరి భాషను ఎడమచేతితో తీసివేయలేదు. పుట్టిన యింటి భాషను కుడిచేతితో విడిచిపెట్టలేదు. నేను 1986లో పదిదినములలో మెరయవలెనని కొట్టించిన రంగుక్రింద ఇంత కప్పబడియుండెనని తలచి తలవంచుకొంటిని.

ఆ తలుపును మరల రంగుతో కప్పరాదని నిశ్చయించితిమి. బండి అంతయు క్రొత్త ఆకుపచ్చ. ఆ రెండు తలుపుల నడిమి భాగము మాత్రము పాత ఆకుపచ్చ, పాత అక్షరములు. మీరు దగ్గరకు పోయి చూచినచో భేదము తెలియును. తెలియవలెననియే అట్లుంచితిమి. ఏది పాతదో ఏది క్రొత్తదో దాచుట బాగుచేయుట కాదు.

అయితే తలుపుల అడుగుభాగము తుప్పుతిని పోయినది గదా! అక్కడ క్రొత్త రేకు అతికితిమి. క్రిందివరుస అక్షరముల అడుగులు ఆ తుప్పుతో పోయినవి. వానిని పూరించుటకు పేటలోని ఒక వృద్ధ చిత్రకారుని పిలిచితిమి. చేతికర్ర ఆనించుకొని, మెత్తని కుంచెతో ఒక్క విసురున అక్షరము దించగల నేర్పరి ఆయన. అంగళ్ల బోర్డులన్నియు ముద్రణయంత్రములపై అచ్చగుచున్న ఈ కాలమున అట్టివారు పేటలో ఒకరిద్దరే మిగిలినారు. ఆయన కన్నడిగుడు. ఎడమతలుపును ఒక్క ఉదయమున పూర్తిచేసెను. కుడితలుపువద్దకు వచ్చి, ఉన్న అక్షరముల తలకట్లను చూచి, సున్నపుగీత గీచి, సుద్దతో గుర్తుపెట్టి, "సరిపోయినదా?" అనెను. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లిబిడ్డలు. కొన్ని అక్షరములు కవలలు. కావున మాకెవ్వరికిని దోషము తోచలేదు. నాకును తోచలేదని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాను.

మా పొరుగింటి బాలిక, మన పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న చిరంజీవి, చీటీలు వ్రాయుటకు వచ్చినది, తలుపు చూచి నిలిచిపోయినది. "తాతగారూ, ఇక్కడ కవత్తు పోయింది. ఇది చికపేట కాదు, చిక్కపేట" అనినది. తలకట్లు పైన ఉండుటచేత నిలిచినవి. వత్తు క్రింద ఉండుటచేత తుప్పుతో పోయినది! చిత్రకారుడు నవ్వి, "అయితే నీవే వ్రాసి చూపవమ్మా" అని కాగితమిచ్చెను. ఆ బిడ్డ కవత్తును పెద్దదిగా వ్రాసి యిచ్చినది. ఆయన దానికి సూదితో చుక్కలు పొడిచి, తలుపుపై ఆనించి, సుద్దపొడి అద్ది, ఆ గుర్తులవెంట కుంచె నడిపెను. కానుగచెట్టు క్రింది బండి కుడితలుపుపై మీరు చూడబోవు ఆ కొంచెము క్రొత్త పసుపు అదియే. మా తాతగారి అంగడి పేటపేరును పూర్తిచేసినది ఇంజనీరును కాదు, వర్తకుడును కాదు. ఈ పాఠశాలలో తెలుగు వాచకము చదివిన బాలిక.

ఇట్టి పనిబండ్లను కాపాడినవారు మనకు ముందును కలరు. 1932లో నిజాము రైల్వే వారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైనది. ఆనాటి ఆల్బియన్ బస్సు నొకదానిని హైదరాబాదు బస్ భవనమునందు భద్రపరచినారు. మన రాష్ట్రమున ధర్మస్థలలోని మంజూషా సంగ్రహాలయమందు పాతకార్లను చూడవచ్చును. రాజుల కార్లను కాచుటకు పలువురు కలరు. మూట మోసిన బండ్లను కాచువారు తక్కువ. చట్టమును అట్లే యున్నది. 2021 జులైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని, సొంత వాడుకలోని రెండు, నాలుగు చక్రముల బండ్లకు ప్రత్యేక నమోదు కలదు. పదియేండ్లు చెల్లుబడి, క్రొత్త నమోదునకు 20,000 రూపాయల రుసుము. అట్టి బండితో వ్యాపారము చేయరాదు, నిత్యము త్రిప్పరాదు. ఇది ఎవరైన చేయదలచినచో ముందుగా తెలిసికొనదగిన సంగతి. రంగు మార్చినను నమోదుపత్రమున ఆ మార్పును వ్రాయించుకొనవలెను. మా బండి నేడు రహదారిపై తిరుగుటలేదు. దీనిని మరియొక లారీపై ఎక్కించి ఇక్కడికి తెచ్చితిమి. ఒకప్పుడు మూటలు మోసినది నేడు మోయబడి వచ్చినది. వృద్ధులకు ఆ మర్యాద తగినదే.

తల్లిదండ్రులారా, మన రాజ్యాంగము 350-ఎ అధికరణములో, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశయందు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించవలెనని చెప్పుచున్నది. ఆ అధికరణము 1956లో చేరినది. చట్టము వసతి నీయగలదు; బిడ్డను బడికి పంపవలసినది మనము. ఇంగ్లీషు వలదని నేననను. కన్నడము ఈ ఊరి భాష, అది రాకున్న మన బ్రదుకే కుంటుపడును. ఆ బాలిక ఎడమతలుపును కూడ చదివినది. నేననునది ఒక్కటే. పిల్లలకు పైరంగు వేయుటయందు మనము త్వరపడుచున్నాము. పదిదినములలో మెరయవలెనని కోరుచున్నాము. నేనొకప్పుడు బండి విషయమునను, కుమారుని విషయమునను ఆ త్వరనే చూపితిని. బండిని తిరిగి బాగుచేయుటకు నాలుగేండ్లు పట్టినది. కుమారుడు ఇప్పుడు, నలుబదియవ యేట, ఆదివారములందు నావద్ద కూర్చుండి డ్రైవరు నోటుపుస్తకమును కూడబలుకుకొని చదువుచున్నాడు. నిన్నటికి 1961వ సంవత్సరమునకు వచ్చినాడు.

సభ ముగిసిన పిమ్మట మీ పిల్లలను వెంటబెట్టుకొని ఆ బండివద్దకు పొండు. రెండు తలుపులను చదివింపుడు. చదివిన బిడ్డను తొట్టిలో ఎక్కనిండు. చదువలేని బిడ్డనును ఎక్కనిండు, వచ్చే సంవత్సరము చదువుమని చెప్పుడు. బండి ఇక్కడనే ఉండును. దానిని ఈ పాఠశాలకే ఇచ్చివేయుటకు మా తమ్ముడును నేనును నిశ్చయించుకొంటిమి.